ఒకదానినొకటి విడువని కణములు

చదువుకొనవలసిన భాగము: 1 కొరింథీయులకు 12:12–27



మగ్గిన అరటిపండు మీద మూగు చిన్న ఈగలను నెల్లికుదురులో చూడని యిల్లు లేదు. మనము వాటిని చేతితో తోలివేయుదుము. అయితే హైదరాబాదులోని సి.సి.ఎం.బి. మొదలుకొని లోకమంతట శాస్త్రజ్ఞులు వాటిని శ్రద్ధతో పరిశీలించుచున్నారు. ఆ ఈగ పిండము ఏర్పడు క్రమమును శోధించినందుకు లూయిస్, నుస్లైన్-ఫోల్హార్డ్, వీషౌస్ అను ముగ్గురు 1995లో నోబెల్ బహుమానము పొందిరి.

ఆ గ్రుడ్డు పొడవు అర మిల్లీమీటరు. పెట్టిన సుమారు మూడు గంటలకు దాని అంచు వెంబడి దాదాపు 6,000 కణములు ఒకే పొరగా నిలుచును. అప్పుడు కడుపువైపు కణములు, సంచి మూతిని త్రాటితో బిగించినట్లు, తమ పైకొనను ముడుచుకొనును. పైన ఇరుకై లోపల వెడల్పైన ఆ కణముల వలన పొర వంగి, నాగటిచాలువంటి పల్లము పడును. ఆ కణములు లోపలికి దిగి, ప్రాకి వ్యాపించి, పిమ్మట కండరములగును. ప్రక్కనున్నవి ఒకదాని సందున ఒకటి దూరగా శరీరము పొడుగు సాగును. ఒక్క దినములో పిల్లపురుగు బయటికి వచ్చును.

ఇందులో ఒక సంగతి గమనించుడి. ముడుచుకొను బలము ఆ కణములలో ప్రతిదానికిని కలదు. అయితే కణమును పొరుగు కణముతో కలిపి పట్టు బంధములు ఊడినయెడల, ప్రతిదియు తనలో తానే లాగుకొనును గాని చాలు పడదు. బలము లేక కాదు, పట్టు లేక పని చెడును.

మన సంఘములలో జరుగునదియు ఇదే కాదా? పెద్దరికము కొరకో, చందా లెక్కల కొరకో తగవుపడి, ఒకే ఊరిలో రెండు గుంపులగుదుము. ఇటు ప్రార్థన కలదు, అటును ప్రార్థన కలదు. గుడిగోడ మాత్రము లేవదు. మరియు లోపలికి దిగి కంటికి కనబడని కణములే కండరములైనవి. తెల్లవారకముందే గుడి ఊడ్చు అక్కను మనమెన్నడైన తలంచితిమా?

కణమునకు మనస్సు లేదు. తన స్వభావము చొప్పున చేయును. మనకో మనస్సు ఇయ్యబడెను గనుక మన బాధ్యత ఎక్కువ. పొరుగువాని పట్టుకొనుటకు మన ఆకారము కొంత మార్చుకొనవలెను, మన పంతము ముడుచుకొనవలెను. వచ్చు ప్రభువు బల్లకు ముందే, మాటలాడక మానిన సహోదరుని గడప త్రొక్కుడి.

ప్రభువు మనలను ఒక్క శరీరముగా అమర్చును గాక. ఆమేన్.