గొప్పవారెవరు?

ధ్యానభాగములు: మార్కు 9:33–37; అపొస్తలుల కార్యములు 11:22–26



ఒక ఆదివారము సాయంకాలము ఆరాధన ముగిసిన తరువాత మా గుడి వరండాలో యౌవనస్థులు కొందరు గట్టిగా వాదించుకొనుచుండిరి. చీకటి పడుచున్నను ఎవరును ఇంటికి కదలుట లేదు. ఏమి సంగతియని అడుగగా, టెన్నిసు ఆటలో లోకమంతటిలో గొప్పవాడెవడన్నదే ఆ వాదమని తెలిసినది. ఒకడు స్విట్జర్లాండు దేశస్థుడైన రోజర్ ఫెదరర్ అనెను. మరియొకడు స్పెయిను దేశపు రఫేల్ నాదల్ అనెను. మూడవవాడు సెర్బియా దేశపు నొవాక్ జకోవిచ్ అని చెప్పి వేళ్ల మీద లెక్క చూపెను. నాలుగు పెద్ద పోటీలలో సింగిల్సు బిరుదులు ఫెదరర్‌కు 20, నాదల్‌కు 22, జకోవిచ్‌కు 24. “లెక్క కండ్ల ఎదుట ఉండగా ఇంక వాదమెందుకు?” అని అతని మాట.

అంతలో వారు నావైపు తిరిగి, “తాతగారూ, మీరు చిన్ననాటి నుండి ఆటలు ఎరిగినవారు. మీరే తీర్చండి” అనిరి.

నిజము చెప్పవలెనన్న, నేనును ఈ విషయమున చాలమారులు మాట మార్చినవాడనే. అనేక సంవత్సరములు నేను ఫెదరర్ పక్షము. అతని చేతిలో ఆట శ్రమ లేనిదానివలె కనబడెడిది. నాదల్ బిరుదులు పెరిగినప్పుడు నా నమ్మకము కొంచెము కదలినది. 2023లో జకోవిచ్‌కు 24వ బిరుదు వచ్చిన పిమ్మట నేనును లెక్కకు లోబడితిని. కాని ఆ లెక్క కూడ నన్ను నిలువనియ్యలేదు. ఆస్ట్రేలియా దేశపు రాడ్ లేవర్ 1962లో ఆ నాలుగు పోటీలను ఒకే సంవత్సరములో గెలిచెను. తరువాత అతడు ఆటను జీవనాధారముగా చేసికొన్నందున, నాటి నియమము చొప్పున 1968 వరకు ఆ పోటీలలో అతనికి ప్రవేశము లేకపోయెను. తలుపు తెరచిన మరుసటి యేడు, అనగా 1969లో, మరల నాలుగును గెలిచెను. మూయబడిన ఆ అయిదు సంవత్సరములలో అతడు ఎన్ని గెలిచియుండునో ఎవరు చెప్పగలరు? గెలిచినది లెక్క చెప్పును గాని, మూసిన తలుపును గూర్చి చెప్పదు.

నేను ఈ మాట చెప్పగా ఒక చిన్నవాడు, “దూరదేశపు సంగతి ఎందుకు తాతగారూ? మన తెలుగువారి షటిల్ ఆటలో గొప్పవారెవరో చెప్పండి” అనెను. ఆ ప్రశ్నకు నా యొద్ద జవాబు సిద్ధముగా నుండెను. అయితే నోరు తెరవబోయి ఆగితిని. ఏలయనగా ఆ జవాబు కూడ నాకు ఎన్నిమారులు మారినదో ఆ క్షణమున జ్ఞాపకమునకు వచ్చినది.

2001లో ప్రకాశము జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు పోటీ ఫైనలులో చైనా దేశపు చెన్ హాంగ్‌ను ఓడించి బిరుదు పొందెను. 1980లో ప్రకాశ్ పడుకోణె తరువాత ఆ బిరుదు పొందిన రెండవ భారతీయుడు అతడే. ఆనాడు నాకు గోపీచందే గొప్పవాడు. 2012లో హైదరాబాదులో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ లండను ఒలింపిక్సులో కాంస్య పతకము తెచ్చినప్పుడు ఆమెయే గొప్పది. 2016లో పి.వి. సింధు రియోలో రజతము గెలిచి, 2019లో ప్రపంచ విజేతయైనప్పుడు, ఇంక ఆమెకు మించినవారు లేరంటిని. మధ్యలో 2018లో కిదాంబి శ్రీకాంత్ లోకమున మొదటి స్థానమునకు వచ్చినప్పుడు కొన్ని దినములు అతని పేరు చెప్పితిని. నా తీర్పు ఎప్పుడును పతకము వెంట పరుగెత్తుచునే యుండెను.

ఇంక మన కోనసీమ బిడ్డ సంగతి. అమలాపురములో 2000లో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ముంబయి వాడైన చిరాగ్ శెట్టితో కూడి 2022లో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో ఆడెను. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో వారిద్దరు స్వర్ణ పతకము గెలిచిరి. అదే నెలలో డబుల్సు ఆటలో లోకమున మొదటి స్థానమునకు చేరిరి. ఆ దినమున నేను సందేహించక, “సాత్విక్‌ను మించినవాడు లేడు” అని వీధిలో అందరికి చెప్పితిని. అతని ఆట తూచి చెప్పితినా? లేదు. అతడు మనవాడు గనుక చెప్పితిని. తన కుమారులిద్దరికి కుడి ప్రక్కను ఎడమ ప్రక్కను ఆసనములు కోరిన జెబెదయి భార్యకును నాకును ఏమి భేదము? (మత్తయి 20:20–21). పైగా ఆ విజయములో సగము చిరాగ్‌ది. ఇద్దరు కూడి ఆడిన ఆటలో ఒక్కనిని వేరుచేసి గొప్పవాడనుట న్యాయము కాదు.

ఈ పేర్లన్నియు వరుసగా తలంచుకొనుచుండగా నాకొక సంగతి కనబడినది. సైనా, సింధు, శ్రీకాంత్, సాత్విక్ అందరును ఒకే వాకిలి గుండా వచ్చినవారు. గోపీచంద్ ఆల్ ఇంగ్లండు గెలిచిన తరువాత ఒక శీతలపానీయపు కంపెనీ ప్రకటనకు పిలువగా, పిల్లలకు మేలు కాని దానిని నేను అమ్మనని నిరాకరించెను. తరువాత తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చుకొని, 2008లో హైదరాబాదు గచ్చిబౌలిలో శిక్షణాలయము తెరచెను. తెల్లవారక మునుపే అక్కడికి చేరి పిల్లలకు ఆట నేర్పుట అతనికి దినచర్య ఆయెను. తాను ఆడిన దినములలో ఒలింపిక్సు పతకము అతనికి దొరకలేదు. తనకు దొరకని పతకము తన శిష్యురాండ్ర మెడలో చూచెను. పుట్టినప్పుడు అమలాపురములో ఎవరును ఎరుగని బాలుడు 2014లో ఆ శిక్షణాలయములో చేరెను.

ఇది చదువుచు, “ఆయనను పరిశుద్ధునిగా చేయుచున్నారా?” అని ఎవరైనను అడుగవచ్చును. అది నా తలంపు కాదు. ఇతర శిక్షకులును ఈ ఆటగాండ్ర వెనుక కష్టపడిరి. సాత్విక్, చిరాగ్‌లను ఒక జంటగా కూర్చినవాడు మలేసియా దేశపు శిక్షకుడు టాన్ కిమ్ హెర్. సైనా 2014లో గోపీచంద్‌ను విడిచి బెంగుళూరుకు పోయి 2017లో తిరిగివచ్చెను. సింధు టోక్యోలో కాంస్యము గెలిచినది కొరియా దేశపు శిక్షకుని యొద్ద సాధన చేసి. శిష్యులు విడిచిపోవుట ఏ గురువునకైనను సులభమైన సంగతి కాదు. అయినను వాకిలి మూయబడలేదు. నేను చెప్పదలచినది ఇంతే: గెలుపు లెక్కలలో శిష్యులు గురువును దాటిపోయిరి. ఆ దాటిపోవుటకు మార్గము వేసినవాడు గురువే.

ఇది చూచినప్పుడు నాకు బర్నబా గుర్తుకు వచ్చెను. యెరూషలేములోని శిష్యులు సౌలును నమ్మక భయపడుచుండగా, అతని చేయి పట్టుకొని అపొస్తలుల యొద్దకు తోడుకొని పోయినవాడు బర్నబా. అంతియొకయలో పని విస్తరించినప్పుడు అది తన ఒక్కని పేరున ఉండనియ్యక, తార్సునకు పోయి సౌలును వెదకి తెచ్చెను. ఆ ప్రయాణము చేయమని ఎవరును అతనికి ఆజ్ఞాపించినట్లు గ్రంథములో లేదు. తరువాత పదమూడవ అధ్యాయము శ్రద్ధగా చదువుడి. మొదట బర్నబా పేరు ముందు, సౌలు పేరు వెనుక. అధ్యాయము నడుచుకొలది పౌలు పేరు ముందుకు వచ్చుచున్నది, బర్నబా పేరు వెనుకకు పోవుచున్నది. బర్నబా ఆ మార్పునకు నొచ్చుకొన్నట్లు ఒక్క మాటయు లేదు. ఒక దినమున వారిద్దరికి తీవ్రమైన వాదము కలిగి విడిపోయిరి. అప్పుడును బర్నబా చేసినదేమి? పౌలు వద్దనిన మార్కు అను యౌవనస్థుని తన వెంట తీసికొనిపోయెను. మరల ఒక చిన్నవానికి చోటు చేసెను.

కపెర్నహూములో ఇంట నున్నప్పుడు, త్రోవలో దేనిని గూర్చి వాదించుకొంటిరని ప్రభువు శిష్యులను అడిగెను. వారు నోరు మెదపలేదు. గొప్పవాడెవడని వాదించినట్లు ఆయన ఎదుట చెప్పుకొనుటకు సిగ్గుపడిరి. ప్రభువు వారిని గొప్పతనము కోరవద్దని కసరలేదు. ఆ కోరికకు వేరొక త్రోవ చూపెను. ముందుండ గోరువాడు అందరికి వెనుక నిలిచి పరిచారము చేయవలెనని చెప్పి, ఒక చిన్నబిడ్డను నడుమ నిలువబెట్టి కౌగిలించుకొనెను. నడుమ చోటు ఎవరిదని శిష్యులు వాదించుచుండగా, ఆయన ఆ చోటును బిడ్డకు ఇచ్చెను.

నేను ఆ సాయంకాలము జవాబు చెప్పలేక ఊరకుండుటకు వేరొక కారణము కూడ కలదు. దానిని ఇక్కడ ఒప్పుకొనవలెను.

నేను ముప్పది యేండ్లవాడనై యుండగా మా గ్రామపు బాల్ బ్యాడ్మింటను జట్టుకు నాయకుడను. జట్టుకు ఐదుగురు. కాలువ అవతలి పేట నుండి పదునేడేండ్ల చిన్నవాడొకడు వచ్చి చేరెను. వాని దెబ్బ నా దెబ్బ కంటె వాడియైనదని నాకు మొదటి వారమే తెలిసినది. తెలిసినందుననే వానిని ఆరవవానిగా ఉంచితిని. బంతులు ఏరుట, నీళ్లు తెచ్చుట వాని పని. సంక్రాంతి పోటీలు వచ్చినప్పుడెల్ల, “ఇంకొక సంవత్సరము ఆగు తమ్ముడూ” అని చెప్పితిని. అట్లు మూడు సంవత్సరములు జరిగినవి. ఆట వలన ఉద్యోగము దొరకిన దినములవి. వానికి ఆ దారి తెరువబడలేదు. నాలుగవ యేడు పని వెదకుకొనుచు కువైటుకు పోయెను, మరల బ్యాటు పట్టలేదు. చాలకాలము తరువాత క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు నేను వెళ్లి క్షమాపణ అడిగితిని. “అన్నా, అది ఎప్పటి మాట!” అని నవ్వెను. అతడు నవ్వెను గాని, ఆ మూడు సంవత్సరములను నేను తిరిగి ఇయ్యలేను. గోపీచంద్ చేసిన పనికి నేను చేసినది సరిగా తలక్రిందులు. అందుచేతనే గొప్పవారెవరో తీర్చుటకు నాకు నోరు రాలేదు.

అయితే పతకములు వ్యర్థములా? పందెములో వెనుకబడినవానిని ముందువాడని చెప్పవలెనా? ఆలాగు చెప్పుట అబద్ధమగును. ఎవరు ఎక్కువ గెలిచిరని అడిగినచో లెక్క చూచి ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను. సింధు గెలిచినంత గోపీచంద్ గెలువలేదు. ఈ దినమునకు టెన్నిసులో పురుషులలో జకోవిచ్ గెలిచినన్ని పెద్ద బిరుదులు మరి యే పురుషుడును గెలువలేదు. కష్టపడి గెలుచుట పాపము కాదు. మనసు పెట్టి ఆట నేర్వనివాడు ఇతరులకు ఏమి నేర్పగలడు? కాని ఎక్కువ గెలిచినదెవరు అన్నది ఒక ప్రశ్న, గొప్పవారెవరు అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి పుస్తకములలో జవాబు దొరకును. రెండవదానికి, మన వలన ఎవరికి చోటు దొరకెనో వారు జవాబు చెప్పుదురు.

మన డెల్టావారికి ఇది చెప్పుటకు దూరపు ఉపమానము అక్కరలేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము వద్ద పూర్తిచేసిన ఆనకట్ట పూర్వము గోదావరిని ఆపెను, దాని తరువాత వచ్చిన బ్యారేజి ఇప్పుడు ఆపుచున్నది. కాని మన తాతలు ఆనకట్టను పొగడినది అక్కడ నిలిచిన నీటిని చూచి కాదు. కాలువలలోనికి వదలిన నీరు శివారు పొలమునకు చేరినప్పుడే పొగడిరి. నీరు చేరని యేడు శివారు రైతు ఏమనునో మీకు తెలియును.

సంఘములోను ఇట్టి ఆనకట్టలు కలవు. ముప్పది సంవత్సరములుగా మా గుడిలో హార్మోనియము నా చేతిలోనే ఉన్నది. సండేస్కూలులో ఒక చిన్నది రెండు సంవత్సరములుగా నేర్చుకొనుచున్నది. వాళ్లమ్మ అడిగినప్పుడెల్ల, “ఇంకా చేయి తిరగలేదమ్మా, ఇంకొక సంవత్సరము ఆగనియ్యి” అని చెప్పుచుంటిని. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించినప్పుడు ఆ మాట నా చెవిలో మ్రోగెను. అది నలువది యేండ్ల క్రిందట నేను పలికిన మాటయే. మరుసటి ఆదివారము ఆ బిడ్డను పిలిచి పెట్టె ముందు కూర్చుండబెట్టి, నేను వెనుక బల్లమీద కూర్చుంటిని. రెండవ కీర్తనలో ఒకచోట తప్పినది. సంఘము పాడుట మానలేదు. ఆమె సర్దుకొని ముగింపు వరకు వాయించినది. వెనుక బల్లమీద నుండి మా సంఘపు పాట ఎట్లుండునో ముప్పది సంవత్సరములలో నేను వినుట అదే మొదటిసారి.

ప్రియులారా, మీ ఇంటిలో, మీ పొలములో, మీ సంఘములో “ఇంకొక సంవత్సరము ఆగు” అని మీరు చెప్పుచున్న చిన్నవారెవరు? ఈ మాసమున ఆ ఒక్క పేరు జ్ఞాపకము చేసికొని ప్రార్థించుడి. బిడ్డను నడుమ నిలిపిన ప్రభువు, చోటు విడిచి వెనుక కూర్చుండు మనస్సు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.