తెర మీది వేళ

కారుతోపాటు వచ్చిన తెర, ఫలానా వేళకు చేరతారంటుంది. మనం ఇంటికి అదే చెప్పేస్తాం. అమ్మ అన్నం వండి ఎదురుచూస్తుంటుంది.

కానీ అది అంచనా. చాలా కార్లలో దారి పొడవును, ఆ రకం రోడ్డుకు ముందే అనుకున్న వేగంతో భాగించి లెక్కగడతారు. అప్పటికప్పటి రద్దీ కబురు అందకపోతే, సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర విజయవాడ వైపు బారులు తీరిన కార్ల సంగతి ఆ తెరకు తెలియదు. మనం టీకి ఆగుతామనీ తెలియదు. ఫోన్‌లోని మ్యాపు నయం. ముందు వెళ్తున్నవాళ్ల ఫోన్ల నుంచి వేగం తెలుసుకుంటుంది. అయినా, అదీ అంచనాయే.

ఆ అంచనాను అందుకోవాలని, దయచేసి, వేగం పెంచకండి. పక్కన కూర్చున్నవాళ్లతో ఇంటికి ఫోన్ చేయించండి. గంట చెప్పొద్దు, సూర్యాపేట దాటామని చెప్పమనండి.