మరపు కమ్మకమునుపే మనసు తెలియవలెను

పర్యుషణ పర్వమున కల్పసూత్రమును వినెడి శ్రావక కుటుంబములకు త్రిశలామాత వృత్తాంతము క్రొత్తది కాదు. తన కదలికవలన తల్లికి బాధ కలుగునేమో యని గర్భమందున్న వర్ధమానస్వామి నిశ్చలుడై యుండెను. శిశువున కేమయినదో యని తల్లి శోకించెను. ఆమె మనసు నెరిగి స్వామి మెల్లగా కదలగా ఆమెకు ప్రాణము లేచివచ్చెను. తల్లిదండ్రులు జీవించియున్నంత కాలము దీక్ష గైకొనరాదని ఆయన అప్పుడే సంకల్పించెను.

ఇందొక సూక్ష్మము కలదు. మొదట కదలకుండుటయు కరుణతోనే. అయినను దానివలన తల్లికి దుఃఖమే కలిగెను. ఆమె మనసు తెలిసి చేసినదే ఆమెకు ఊరట యయ్యెను. సేవ పొందువారి మనసు తెలియనిచో ప్రేమయు బాధకు కారణము కావచ్చును.

సౌకార్‌పేటలో మింట్ వీధి సందులలో మూడు తరములు ఒకే కప్పు క్రింద నివసించు ఇండ్లు నేటికిని కలవు. అట్టి ఇంట ఒక అత్తగారికి మతిమరుపు వ్యాధి వచ్చినదనుకొనుడు. నలుబదియేండ్లు చౌవిహారము తప్పని ఆమె, సాయంకాలము భుజించిన సంగతి మరచి, రాత్రి తొమ్మిది గంటలకు “అన్నము పెట్టవేమమ్మా?” అని కోడలిని అడుగును. పెట్టినచో వ్రతభంగమని పెద్దకుమారుడు. పెట్టకున్న హింస యని చిన్నకుమారుడు. కోడలు ఎవరి మాట వినవలెను?

ఇది ముసలితనపు చాదస్తము కాదు, మెదడుకు వచ్చు వ్యాధి. దీనిలో ముఖ్యమైన దానిని 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ వివరించెను. మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి మతిమరుపు వ్యాధి యున్నదని 2023లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. పూర్తిగా నయము చేయు మందు నేటికిని లేదు. నిన్నటి సంగతులు ముందు చెరగును. చిన్ననాటివి చాలకాలము నిలుచును. మనుమని పేరు మరచిన అవ్వ నవకార మంత్రమును తడబడక పలుకవచ్చును. జ్ఞానావరణీయ కర్మ ఎంత దట్టముగా కప్పినను జీవుని జ్ఞానము పూర్తిగా మరుగుపడదని శాస్త్రము. కావున ఆమె యెదుటనే “ఈమెకేమియు తెలియదు” అని పలుకరాదు.

ఇక వ్రతము మాట. ప్రత్యాఖ్యాన పాఠమునందే ఆగారములు, అనగా మినహాయింపులు, చెప్పబడినవి. మరచి చేసినది అనాభోగము; తీవ్రవ్యాధిలో చిత్తసమాధికై ఔషధము గైకొనుట సర్వసమాధి ప్రత్యయాగారము. పూర్వాచార్యులు మానవుని మరపును ఎరిగియే వ్రతమును కూర్చిరి. ఆమెను కసరుట ధర్మము కాదు. ఎరిగి పెట్టెడి ఇంటివారు మాత్రము గురుమహారాజుల సలహా పొందవలెను. “నాకు తెలివి తప్పిన నాడు ఇట్లు చేయుడు” అని ఆమె ముందే చెప్పియున్నచో ఆ యింట తగవే లేకపోవును.

సల్లేఖన విషయమున మరింత జాగ్రత్త యవసరము. అది తెలివితో, స్వేచ్ఛతో, గురువుల అనుమతితో గైకొను వ్రతము. మరణమును కోరుటయు, జీవితమును కోరుటయు అందు అతిచారములే. వ్యాధివలన అన్నము మరచినవారిని సంథారాలో ఉన్నట్లు భావించుట, వారి పక్షమున ఇంటివారు నిర్ణయించుట తగదు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు సంథారాను నేరముగా చెప్పగా, అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది.

వర్తకుడు పది రూపాయల అరువును సయితము ఖాతాలో వ్రాయును. ఆస్తికి వీలునామా వ్రాయును. తన చివరి దినములను గూర్చి మాత్రము ఒక్క పంక్తియు వ్రాయడు! కోలుకొనలేని స్థితిలో ఏ చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అంగీకరించినది. 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది: ఇద్దరు సాక్షులుండి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలును.

మహావీర నిర్వాణ దినమైన దీపావళికి క్రొత్త ఖాతాలు తెరచునపుడు పెద్దల చెంత కూర్చుండి మెల్లగా అడుగవలెను. రాత్రివేళ మందు ఈయవచ్చునా? ఆసుపత్రియా, ఇల్లా? ఎవరి మాట తుది మాట? చెవిలో ఏ స్తవనము వినిపించవలెను? ఒక్కనాటితో తీరు మాట కాదిది. ఏటేట అడిగి వ్రాసికొనవలెను.

వేళ మించినదా, వారి జీవితమే సాక్ష్యము. దేనికి సంతసించిరి, దేనికి నొచ్చుకొనిరి అని నెమరువేయవలెను. నేటి ముఖమును గూడ చూడవలెను. గిన్నెను త్రోసివేయు చేయియు ఒక మాటయే.

వైయావృత్త్యము ఆరు అంతరంగ తపస్సులలో ఒకటి. ఆ తపస్సు కోడలి యొక్కతె వంతు కారాదు. దుకాణము మూసి ఇల్లు చేరిన కుమారుడు దినమునకొక సామాయిక కాలము, అనగా నలుబది యెనిమిది నిమిషములు, తల్లి చేయి పట్టుకొని కూర్చుండినచో ఆమె మనసున ఇంకను మిగిలియున్నది అతనికి తెలియగలదు.