ఒకరి వైద్యం మరొకరికి హాని కారాదు

మనిషి చర్మం నుంచి ఒక కణాన్ని తీసి, ప్రయోగశాలలో దాన్ని ఊపిరితిత్తుల కణంగా మార్చడం నేడు సాధ్యమైంది. ఇది దేవుని సృష్టిలో జోక్యం కాదా? షరీఅత్ దీన్ని అనుమతిస్తుందా? పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల చుట్టూ నివసించే మనకు ఇది కేవలం పండితుల చర్చ కాదు. దుమ్ములో, రసాయనాల ఘాటులో పని చేసి దగ్గుతూ ఇంటికి వచ్చే మనిషి ఉన్న ప్రతి ఇంటి ప్రశ్న ఇది.

ముందుగా విషయం తెలుసుకుందాం. శరీరంలోని ఏ కణంగానైనా మారగల మూలకణాలను 1998లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం కొద్ది రోజుల వయసున్న మానవ పిండాల నుంచి వేరు చేసింది. అలా తీస్తే పిండం మిగలదు. 2007లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా మరో దారి చూపారు. పెద్దవారి చర్మకణంలోకి నాలుగు జన్యువులను పంపి, దాన్ని తిరిగి మూలకణంగా మార్చారు. ఈ మార్గాన్ని కనుగొన్నందుకు 2012లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. అలాంటి కణాలకు కొన్ని వారాలపాటు తగిన ప్రోటీన్లను వరుసగా అందిస్తే, గర్భంలోని శిశువుకు ఊపిరితిత్తులు ఏర్పడే క్రమంలోనే అవి మారుతూ వస్తాయి. 2020లో కరోనా వైరస్ ప్రభావాన్ని ఇలాంటి కణాల మీద కూడా పరీక్షించారు.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించండి. శాస్త్రవేత్త శూన్యం నుంచి ఏమీ సృష్టించలేదు. సృష్టికర్త నిర్ణయించిన క్రమాన్నే అనుసరించాడు. మానవుడు గర్భంలో దశలవారీగా రూపొందే తీరును దివ్య ఖుర్‌ఆన్ అల్ మూమినూన్ సూరా (12-14) వివరిస్తుంది. దేవుడు ప్రతి వ్యాధికీ మందు ఉంచాడని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక వెతకడం తప్పు కాదు. తప్పొప్పులు వెతికే మార్గంలో ఉంటాయి.

గర్భంలో 120 రోజులకు ఆత్మ ఊదబడుతుందని హదీసు ఆధారంగా అనేకమంది ధర్మవేత్తలు చెప్పారు. అయితే అంతకుముందు పిండానికి ఏ గౌరవమూ లేదని దీని అర్థం కాదు. మక్కాలోని రాబితా ఫిఖ్ మండలి 2003లో ఈ సమస్యను పరిశీలించింది. దాతకు హాని లేకుంటే పెద్దవారి కణాలను వాడవచ్చని తెలిపింది. పరిశోధన కోసమే పిండాన్ని సృష్టించడాన్ని, కావాలని గర్భస్రావం చేయించి కణాలు తీయడాన్ని నిషేధించింది. చర్మకణం మార్గంలో ఈ చిక్కు రాదు.

ఈ తీర్పుకు మూలం ఒక్కటే: ఎవరికీ హాని చేయరాదు, హానికి బదులుగా కూడా హాని చేయరాదు అన్న ప్రవక్త (స) బోధన. ఈ బోధన ప్రయోగశాల గుమ్మం దగ్గర ఆగిపోదు. పటాన్‌చెరు ప్రాంతం ప్రపంచానికి మందులు అందిస్తోంది. ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. దూరదేశపు రోగికి నయం చేసే మందు, తయారైన చోట పొరుగువారి నీటిని చెరిపింది. పిండం విషయంలో మనం అడిగే ప్రశ్నను ఇక్కడ అడగనక్కరలేదా?

రోగి నిస్సహాయతను సొమ్ము చేసుకోవడం కూడా హానే. ఊపిరితిత్తులకు మూలకణ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అనుమతి పొందిన ప్రయోగాల వెలుపల దాన్ని చేయడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి నగలు తాకట్టు పెట్టి సూది వేయించుకునే ముందు, ఏ ప్రయోగం, ఎవరి అనుమతి అని లిఖితపూర్వకంగా అడగండి.

సోదరులారా! ఊపిరితిత్తులు అల్లాహ్ మనకిచ్చిన అమానతు. రేపు కొత్తవి తయారవుతాయన్న ఆశతో నేడు ఉన్నవాటిని పాడుచేసుకునే హక్కు మనకు లేదు. కూలివాని ఊపిరి కూడా అమానతే. దుమ్ము పీల్చే గొట్టాలకు, మాస్కులకు ఖర్చు దండగనుకునే యజమాని, ఆ లాభంతో ఎంత దానం చేసినా, ప్రళయదినాన ఆ ఊపిరికి లెక్క చెప్పవలసిందే.