మనవాడు తప్పు చేస్తే...

అమెరికా రాజకీయాల్లో నా మొగ్గు డెమొక్రాట్ల వైపే. దాచుకోవడం దేనికి? అయినా 1974 తలుచుకుంటే ఎదుటి పక్షం మీద గౌరవం కలుగుతుంది. వాటర్‌గేట్ రొచ్చులో కూరుకుపోయిన నిక్సన్ దగ్గరికి ఆగస్టు 7న వెళ్ళి, సెనేట్లో మీకు బలం లేదని చెప్పింది శత్రువులు కాదు. గోల్డ్‌వాటర్, మరో ఇద్దరు రిపబ్లికన్ పెద్దలూను. మర్నాడు రాత్రే ఆయన రాజీనామా ప్రకటించాడు.

మరి 2021లో? కాపిటల్ మీదికి మూక దండెత్తాక కూడా, ట్రంప్‌ని దోషి అన్న రిపబ్లికన్ సెనేటర్లు యాభై మందిలో ఏడుగురే. అభిశంసనకు ఓటేసిన లిజ్ చేనీని 2022లో సొంత పార్టీవాళ్ళే ఓడించారు. "ఛీ, ఇదేం పార్టీ!" అనేశాను.

అన్నాక 1999 గుర్తొచ్చింది. ప్రమాణం చేసి అబద్ధమాడాడని క్లింటన్‌ను సెనేట్ విచారించినప్పుడు, 45 మంది డెమొక్రాట్లలో ఒక్కరూ దోషి అనలేదు. "అది వాళ్ళింటి గొడవ, దేశానికేం నష్టం?" అంటూ కాలేజీలో నేనూ వాదించాను. రెండు తప్పులూ ఒక్క తూకానివి కావు, నిజమే. కానీ ఆనాడు నేను తూచానా? తక్కెడ తీయకుండానే తీర్పు చెప్పేశాను, మనవాడు కదా అని!

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకు మాత్రం తెలుసు. ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.