సమాధానపరచువాడు ఊరకుండునా?



మత్తయి 5వ అధ్యాయములో మన ప్రభువు సమాధానపరచువారిని ధన్యులని పిలిచెను. ఊరిలో తగవు పుట్టినప్పుడు మనము ఈ వాక్యమునే ఎత్తి, దెబ్బతిన్నవానితో “పోనిమ్ము, ఊరకుండుము” అని చెప్పుచుందుము. కొట్టినవానికి వాక్యము వినిపించువారు అరుదు. ఊరకుండుటయే సమాధానమైతే ఆల్బర్ట్ లుతూలి అను భక్తుని సమాధానపరచువాడని పిలువ వీలులేదు.

ఈయన దక్షిణాఫ్రికాలోని గ్రౌట్‌విల్ అను మిషను గ్రామములో పెరిగెను. బడిపంతులుగా పనిచేసి, 1936లో అక్కడి జూలూ ప్రజలకు నాయకుడాయెను. అది మన పూర్వపు మునసబుగిరి వంటిది. తగవులు తీర్చవలెను, సర్కారు జీతము పుచ్చుకొనవలెను. 1938లో మదరాసు చెంత తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ఈయన వచ్చియుండెను.

1952లో, నల్లవారిని అణచు చట్టములను ఆయుధము పట్టక మీరి, 8,000కు పైబడినవారు చెరసాలకు వెళ్లిరి. ఆ ఉద్యమము నడిపిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసునైనను, నాయకత్వమునైనను విడువుమని సర్కారు లుతూలిని ఆజ్ఞాపించెను. ఆయన రెంటిలో దేనిని విడువలేదు. సర్కారే పదవి ఊడబెరికెను. పిమ్మట తన ప్రాంతము దాటరాదని కట్టడి విధించిరి. భార్య నోకుఖన్యా సేద్యము చేసి సంసారము నడిపెను.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చిచంపిరి. నల్లవారు స్వదేశములో తిరుగుటకు సహితము పాసు పుస్తకము వెంట నుంచుకొనవలెను. లుతూలి తన పాసును అందరి యెదుట తగులబెట్టెను. ఆ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకే వచ్చెను. 1961 డిసెంబరులో ఆస్లోలో దానిని అందుకొని, మరల కట్టడిలోనికే తిరిగి వచ్చెను.

పాసు కాల్చినవానికి శాంతి బహుమానమేల అందురా? అక్కడ సమాధానము ముందే లేదు. ఉన్నది భయము పుట్టించిన మౌనము. దానిని చెదరగొట్టుట సమాధానమును చెరుపుట కాదు.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న కలదు. ఆ డిసెంబరులోనే ఆయన కాంగ్రెసువారు కొందరు బాంబులు పట్టిరి. 1964లో వారికి యావజ్జీవ శిక్ష పడినప్పుడు లుతూలి వారిని నిందింపలేదు. ఇది మనలో కొందరికి మింగుడుపడదు. కర్ర పట్టినవానికంటె ముందు, వానిని అంతవరకు తోసినవానినే అడుగవలెనని నా తలంపు.

1967 జూలై 21న ఆయన రైలుపట్టాలయొద్ద గాయపడి మరణించెను. గూడ్సుబండి తగిలెనని విచారణ ముగించిరి. 2025 అక్టోబరులో పీటర్‌మారిట్జ్‌బర్గ్ న్యాయస్థానము దానిని కొట్టివేసి, పోలీసుల దెబ్బలచేతనే చనిపోయెనని తేల్చెను. నోకుఖన్యా 1996లోనే ప్రభువునందు నిద్రించెను.