ఉండేవాళ్ళెవరు?

ఇండొనేషియా భాషలో వీడ్కోలుకి రెండు మాటలున్నాయి. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో ‘సెలామత్ జాలన్’ అంటారు. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో ‘సెలామత్ తింగల్’ అంటారు. సెలామత్ అంటే క్షేమం, అరబ్బీ నుంచి వచ్చిన మాట. జాలన్ అంటే దారి, తింగల్ అంటే ఉండటం. ప్రయాణానికే కాదు, ఉన్నచోట ఉండటానికీ ఒక దీవెన కావాలని గుర్తించిన భాష అన్నమాట.

అయితే ‘సెలామత్ తింగల్’ రోజూ వాడే మాట కాదు. అందులో ఇక రాననే ధ్వని ఉంది. మామూలుగా లేచేటప్పుడు ‘దులువాన్ యా’ అంటారు, ‘నేను ముందు వెళ్తున్నా, సరేనా’ అని. మన ‘వెళ్ళొస్తా’లో తిరిగొస్తానన్న మాట ఉంది. దులువాన్ అలాంటి మాటేమీ ఇవ్వదు. నేను ముందు, మీరు తర్వాత, అంతే.

ఇది హాంకాంగ్‌లో అక్షరాలా నిజం. అక్కడ ఇళ్ళలో పనిచేసే ఇండొనేషియా ఆడవాళ్ళు ఆదివారాలు విక్టోరియా పార్కులో చేరతారు. పేరు తెలియకపోయినా ‘మ్బా’ (జావాలో అక్క) అని పిలవొచ్చు. ‘మావు కె మానా?’ అంటే ఎక్కడికీ అని. బయల్దేరేవాళ్ళని అలా అడిగితే మన పెద్దవాళ్ళు అపశకునమంటారు, వాళ్ళకదే పలకరింపు. ‘జాలన్-జాలన్’, ఊరికే అలా, అంటే సరిపోతుంది. వారమంతా ఆ ప్రశ్న యజమాని అడిగితే లెక్క చెప్పాలి. ఇక్కడ చెప్పక్కర్లేదు. ఎక్కడికని అడిగి, జవాబు కోసం పట్టుబట్టకుండా వదిలేయడం కూడా ఒక గౌరవమే అని నాకనిపిస్తుంది.

వారానికో సెలవు ఇవ్వాలని అక్కడి చట్టం. పనిచేసే ఇంట్లోనే నివసించాలన్నది కూడా నిబంధనే. కాబట్టి సాయంత్రమయ్యేసరికి అందరూ ఇంకొకరి ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళే. ఉండేవాళ్ళెవరు? ఎవరూ లేరు. అందుకే అక్కడ ‘దులువాన్ యా’ని ఉత్త మర్యాద అనుకోలేను. మీకంటే మంచిచోటికి పోవట్లేదు, నా టైమ్ ముందయింది, అంతే అని చెప్పడం అది. మిగిలినవాళ్ళు ‘హతి-హతి’ అంటారు, జాగ్రత్త అని.

అసలు చిక్కు రెండేళ్ళ కాంట్రాక్టు ముగిసి ఒకామె సొంతూరు వెళ్ళిపోయేటప్పుడు. మిగిలినవాళ్ళు ఆమెకి సెలామత్ జాలన్ హాయిగా చెప్పొచ్చు. ఆమె బదులుగా ఏమనాలి? నిఘంటువు ప్రకారమైతే సెలామత్ తింగల్. కానీ తమది కాని ఇంట్లో, తమది కాని ఊళ్ళో ఉండక తప్పనివాళ్ళని ‘క్షేమంగా ఉండండి’ అనడం దీవెనా, దెప్పడమా? ‘సంపాయ్ జుంపా’ అనే ఇంకో మాటుంది, మళ్ళీ కలిసేదాకా అని. ఎక్కడ కలుస్తారో మాత్రం అది చెప్పదు.